మేడమ్ చెప్పింది పాఠం కాదు

మా మేడమ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నా ఫోను ఆఫీసు గది డ్రాయరులో ఉంది. నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరులో క్లాసులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. రెండు పీరియడ్లు అయ్యాక తీసి చూస్తే మేడమ్ గారి మరదలి నుంచి ఐదు మిస్‌డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేశాను. "పోయారండి మాస్టారూ, పొద్దున్న ఎనిమిదింటికి," అన్నారావిడ. పెట్టేస్తే బాగుండదనిపించి ఫోను అలాగే చెవి దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడ్డాను.

నిడదవోలులో నేను బీఎస్సీ చదివిన కాలేజీలో ఆమె జువాలజీ లెక్చరర్. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు పోయాక మరదలితో కలిసి, కాలవ గట్టు దాటాక వచ్చే వీధిలో చిన్న డాబా ఇంట్లో ఉండేవారు. రిటైరయ్యాక కూడా మా ఊళ్ళో "మేడమ్ గారిల్లు" అంటే ఆ ఇల్లే.

మా ప్రాంతంలో మనిషి పోతే పాడె కంటే ముందు ఫ్లెక్సీ వస్తుంది. మేడమ్‌కీ వచ్చింది. నవ్వుతున్న ఫొటో, దాని పక్కన రెండు వరుసల్లో పెద్ద అక్షరాలు: "చివరి శ్వాస వరకు పాఠం చెప్పిన మా గురుమూర్తికి అశ్రునివాళి." పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా అదే మాట తిరిగింది. మత్తులో ఉండి కూడా బయోకెమిస్ట్రీ చెప్పారట, సహ ఎంజైమ్ పేరు తప్పు పోకుండా పలికారట. కింద దండాల బొమ్మలు వరుసకట్టాయి. సంతాప సభలో ఇద్దరు పెద్దమనుషులు మైకులో అదే చెప్పి కళ్ళు తుడుచుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు. ఆ కథ మొదట గ్రూపులో పెట్టింది నేనే. మంచం పక్కన ఉన్నదీ నేనే. ఆమె చెప్పింది పాఠం కాదు. ఆమె మందు అడిగారు. పేరు పెట్టి అడిగారు. దాన్ని పాఠం అనుకుని మురిసిపోయిన మొద్దును నేను.

ఇప్పుడు కాలేజీ వాళ్ళు స్మారక సంచిక వేస్తున్నారు. "మేడమ్ ఆఖరి పాఠం గురించి నువ్వే రాయాలి, రెండు పేజీలు చాలు," అని నన్ను అడిగారు. రాస్తున్నాను. వాళ్ళు అనుకున్నట్టుగా మాత్రం రాయలేను.

ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. కళ్ళజోడు డబ్బాలో సుద్దముక్కలు పెట్టుకునేవారు. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది కాబట్టి డబ్బా ఖాళీగా ఉంచడమెందుకని. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసేవారు. మేం తెలుగు మీడియం. ఇంగ్లీషు మాట చూస్తే మాకు జ్వరం వచ్చేది. తెలుగు మాట చూసినా కొంచెం వచ్చేది, ఎందుకంటే పుస్తకంలో తెలుగు మేం ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు కాదు. అందుకని మేం తేలిక దారి కనిపెట్టాం. అర్థం గురించి ఆలోచించకుండా మొత్తం బట్టీ పట్టేవాళ్ళం. ఇది మేడమ్‌కి తెలుసు. ఆమె జీవితమంతా ఈ ఒక్కదానితోనే పోట్లాట.

సహ ఎంజైమ్ అన్న మాట నేను అలాగే నేర్చుకున్నాను. "ఎంజైమ్‌లోని ప్రోటీన్ భాగానికి వదులుగా అంటిపెట్టుకుని ఉండే ప్రోటీనేతర కర్బన అణువును సహ ఎంజైమ్ అంటారు. ఉదాహరణ: థయమిన్ పైరోఫాస్ఫేట్." ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. యూనిట్ టెస్టులో ఆ ప్రశ్నకు అక్షరం పొల్లు పోకుండా రాశాను, బొమ్మతో సహా. పదికి మూడు వేశారు.

పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళాను. "మేడమ్, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాశానండి."

"అదేనయ్యా నా బాధ," అన్నారు. "అర్థం రాశావు. వాడుక ఎక్కడ?"

"వాడుక అని ప్రశ్నలో లేదండి."

"ప్రశ్నలో ఉండదు. నాగలి అంటే ఏంటో రాయమంటే కొయ్య, ఇనుము అని రాస్తావా? దున్నుతారని రాయవా? ఈ సహ ఎంజైమ్ లేకపోతే ఎవరికి ఏమవుతుంది? అది రాసుకురా, మిగతా ఏడూ వేస్తాను."

నాకు కోపం వచ్చింది. రాయలేదు. ఆ ఏడు మార్కులు అలాగే పోయాయి. వారం రోజులు ఆమె క్లాసులో తల వంచుకుని కూర్చున్నాను. ఆమె పట్టించుకోలేదు. అదింకా కోపం తెప్పించింది.

తర్వాతి వారం ఒక క్యారీబ్యాగులో ఏదో తెచ్చి ముందు బెంచీ మీద గుమ్మరించారు. తవుడు. దారిలో ఉన్న రైసుమిల్లులో అడిగి తెచ్చారట. పొడి లేచి ముందు వరుస వాళ్ళు తుమ్మారు.

"ఇది ఎవరు తింటారు?" అని అడిగారు.

"గేదెలండి," అన్నాడొకడు. "మా చెరువులో చేపలండి," అన్నాడు ఇంకొకడు.

"మీరు?"

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. బియ్యం గింజ మీద ఉండే ఈ పొట్టులోనే థయమిన్ ఉంటుందని, బీ వన్ విటమిన్ అన్నా అదేనని, మర పట్టి తెల్లగా చేసినప్పుడు చాలావరకు దీనితో పోతుందని చెప్పారు. ఒంట్లోకి వెళ్ళాక ఆ థయమినే థయమిన్ పైరోఫాస్ఫేట్ అనే సహ ఎంజైమ్‌గా మారుతుంది. తిన్న అన్నం గ్లూకోజు అవుతుంది, ఆ గ్లూకోజు సగం దారి దాకా విరుగుతుంది. అక్కడి నుంచి ముందుకు వెళ్ళి శక్తిగా మారాలంటే ఈ సహ ఎంజైమ్ ఉండి తీరాలి. అది లేక, వెనకటి రోజుల్లో మన కోస్తా జిల్లాల్లోనే తెల్లన్నం కడుపునిండా తిన్నవాళ్ళు కాళ్ళు తిమ్మిరెక్కి, ఉబ్బి, నడవలేక మంచాన పడ్డారని చెప్పారు.

"సహ అన్నారు కదా అని పక్కన నిలబడి తమాషా చూసేది అనుకోకండి. మీ పొలాల్లో ఆయిలింజను ఉంటుంది కదా, హేండిలు వేసి తిప్పితే గాని స్టార్టవదు. ఇంజను ఉంది, డీజిలుంది, హేండిలు లేదు. అప్పుడు ఇంకో డబ్బా డీజిలు పోస్తే నడుస్తుందా?"

"నడవదండి," అన్నాం అందరం.

"డీజిలు పొర్లిపోతుంది. నేల పాడవుతుంది. పోలిక అన్నివిధాలా సరిపోదు, కానీ పరీక్షలో కాదు, బతుకులో గుర్తుండాలని చెప్తున్నాను."

ఆ ఆయిలింజను పోలిక నేను ఇప్పటికీ నా క్లాసుల్లో చెప్తాను. నా సొంతమన్నట్టే చెప్తాను. పిల్లలు నవ్వుతారు, నాకు మంచి పేరు వస్తుంది.

ఇంట్లో కూడా ఆమెకు ఇదే గొడవ, బియ్యంలో మిగిలిన కాస్త బీ వన్ కూడా వార్చిన గంజితో పోతుందని. మరదలుగారు అన్నం వార్చి, ఆ గంజి చీరలకు పెట్టేవారు. ఆవిడవి నూలు చీరలు, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడతాయి. నేను ఎప్పుడైనా వెళ్తే మేడమ్ ఆ చీరలు ఆరేసిన తీగ చూపించి, "మా ఇంట్లో చీరలకున్న బలం మనుషులకి లేదయ్యా," అనేవారు. మరదలుగారు వంటింట్లోంచే, "ఆ గంజి తాగమంటే తాగరు, చీరలకి పెడితే ఏడుస్తారు. ఏం వదినగారో," అనేవారు. ఆ ఇంట్లో అది రోజూ జరిగే ముచ్చటే.

ఇంకో గొడవ సెలైన్‌తో. మా వైపు ఎవరికి నీరసం వచ్చినా, ఎండదెబ్బ తగిలినా, పెళ్ళిలో తిరిగి అలిసిపోయినా, "ఒక బాటిల్ ఎక్కించుకుంటే సరి," అంటారు. వీధికో ఆర్.ఎం.పి. ఉంటాడు. ఇంటికే వచ్చి, కిటికీ ఊచకి గ్లూకోజు బాటిల్ వేలాడదీసి వెళ్తాడు. అందులో పసుపు రంగు ఇంజెక్షను కలిపితే జనానికి ఇంకా తృప్తి. బాటిల్ పచ్చగా ఉంటే బలం ఎక్కువని లెక్క. మేడమ్ మాత్రం వీధిలో ఎవరు బాటిల్ పెట్టించుకున్నా వెళ్ళి, "నోటితో తాగగలిగినప్పుడు చేతికి సూదెందుకమ్మా," అని తగువు పెట్టుకునేవారు. ఒకసారి ఆ ఆర్.ఎం.పి. గారితోనే, "పసుపు దాంట్లో ఏముందో తెలుసా మీకు?" అని అడిగారు. ఆయన నవ్వి, "బలమండి," అన్నాడు. ఆమె తల పట్టుకున్నారు.

నేను కోచింగ్ సెంటరులో చేరానని తెలిసినప్పుడు సంతోషించలేదు, తిట్టనూ లేదు. ఏం చెప్తున్నావో చూపించమన్నారు. విటమిన్లు ఒకవైపు, సహ ఎంజైమ్‌లు ఒకవైపు పెట్టి జతపరచమనే కాగితం ఒకటి ఉంది నా దగ్గర. బీ వన్‌కి థయమిన్ పైరోఫాస్ఫేట్, బీ టూకి ఎఫ్ఏడీ, బీ త్రీకి ఎన్ఏడీ, బీ ఫైవ్‌కి కో ఎంజైమ్ ఎ. నలభై సెకన్లలో పెట్టాలి. గుర్తుండటానికి నేను కట్టిన ఒక పాట కూడా ఉంది. చూసి కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

"బాగానే పెడతారయ్యా పిల్లలు. ఏ సీసా మీద ఏ పేరుందో చెప్పేస్తారు. ఆ సీసా ఎప్పుడు అందుకోవాలో ఎవరు చెప్తారు?"

"అది ఎగ్జామ్‌లో రాదండి మేడమ్," అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఈ వానాకాలం మొదట్లో ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. ఏది తిన్నా నిలిచేది కాదు. గ్యాసన్నారు, పైత్యమన్నారు, మాత్రలు మార్చారు. మూడు వారాలు గడిచాయి. సగ్గుబియ్యం జావ రెండు చెంచాలు, అదీ వచ్చేసేది. రాజమండ్రి తీసుకెళ్తానంటే, "వాన తగ్గనీ," అనేవారు. నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మాకు అప్పుడే కొత్త బ్యాచ్‌లు మొదలయ్యాయి. సెలవు అడగాలంటే నాకు మొహమాటం.

ఒక ఆదివారం వెళ్తే మంచం మీంచి లేచి కూర్చోలేకపోయారు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. నాకు భయమేసింది. భయమేసినప్పుడు మా ఊరివాళ్ళు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. "ఒక్క బాటిల్ పెట్టించుకోండి మేడమ్. కాస్త ఓపిక వస్తే రేపే రాజమండ్రి వెళ్దాం," అన్నాను. వద్దన్నారు. బతిమాలాను. మరదలుగారు కూడా బతిమాలారు. చివరికి కళ్ళు మూసుకుని ఊరుకున్నారు. ఒప్పుకున్నారనుకున్నాం. కాదనడానికి కూడా ఓపిక లేదని ఇప్పుడు అర్థమవుతోంది.

ఆర్.ఎం.పి. గారు వచ్చి బాటిల్ తగిలించి, సంచీలో వెతికి, "పసుపు ఇంజెక్షను అయిపోయింది మాస్టారూ. మెడికల్ షాపు నుంచి తెప్పిస్తే కలిపేస్తాను," అన్నాడు. ఆదివారం, వాన. దగ్గర షాపు మూసుంది. స్టేషన్ దాకా వెళ్ళాలి.

"పర్వాలేదులెండి. ముందు గ్లూకోజు ఎక్కనివ్వండి, ఓపిక రావాలి కదా," అన్నాను.

ఆ మాట అన్నది జువాలజీ ఎమ్మెస్సీ. మొన్ననే అరవై మంది పిల్లలకు బీ వన్ గురించి పాట పాడి వినిపించినవాడు. ఆ పసుపు రంగులో ఉన్నది బీ విటమిన్లని, అందులో బీ వన్ ఉంటుందని నాకు తెలుసు. కానీ అక్కడ, ఆ గదిలో, ఆ తెలిసినది నాకు తోచలేదు. పసుపు రంగు అంటే జనం సరదా అని మాత్రమే తోచింది. ఆర్.ఎం.పి. గారిని ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు. తెప్పించమని అడిగినవాడు ఆయన, అక్కర్లేదన్నవాణ్ణి నేను.

వాన తగ్గలేదని రాజమండ్రి ప్రయాణం వాయిదా వేసి, మర్నాడు సాయంత్రం క్లాసులయ్యాక వెళ్ళాను. రెండో బాటిల్ నడుస్తోంది. గుమ్మంలో నన్ను చూసి మేడమ్, "ఇద్దరొచ్చారేంటయ్యా," అన్నారు. మరదలుగారు నా వెనక ఎవరున్నారా అని తొంగి చూశారు. ఎవరూ లేరు. నేను, "ఒక్కణ్ణేనండి మేడమ్, కాస్త లావెక్కాను," అని జోకు వేశాను. మధ్యాహ్నం స్నానాల గదికి వెళ్తూ పడవలో నడిచినట్టు తూలిపోయారని మరదలుగారు చెప్పారు. నీరసం అనుకున్నాం. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆమె కళ్ళు ఒకచోట నిలవడం లేదు. నల్లగుడ్లు పక్కలకి కొట్టుకుంటున్నాయి. అదీ నీరసమే అనుకున్నాను.

కాసేపు మగతగా ఉండి, పెదాలు తడుపుకుని, "థయమిన్," అన్నారు. కాసేపాగి, "థయమిన్ పైరోఫాస్ఫేట్."

"పాపం, పాఠం చెప్తున్నారండీ," అన్నారు మరదలుగారు, కళ్ళొత్తుకుంటూ.

ఆమె నన్ను పరీక్ష చేస్తున్నారనుకున్నాను. మంచం మీదకు వంగి, క్లాసులో నిలబడి చెప్పినట్టు చెప్పాను. "థయమిన్ పైరోఫాస్ఫేట్ ఒక సహ ఎంజైమ్ మేడమ్. పైరువేట్‌ని ఎసిటైల్ కో ఎంజైమ్ ఎ గా మార్చడానికి కావాలి."

తల అడ్డంగా ఊపారు. ఏదో వదిలేశానేమోనని, "ఆల్ఫా కీటోగ్లుటారేట్ దగ్గర కూడా కావాలండి," అన్నాను. మళ్ళీ అడ్డంగా ఊపారు. చెయ్యి కొంచెం లేపి, కిటికీకి వేలాడుతున్న బాటిల్ వైపు చూపించారు. చూస్తే బాటిల్ అడుగుకి వచ్చింది. అయిపోతోందని చెప్తున్నారనుకున్నాను. ఆర్.ఎం.పి. గారికి ఫోన్ చేసి ఇంకోటి తెప్పించాను.

ఇంటికి వెళ్తూ, రైల్వే గేటు పడితే బండి ఆపి, గ్రూపులో అది రాసి పెట్టాను. ఈ పరిస్థితిలో కూడా మేడమ్ మాకు పాఠం చెప్పారు అని. గేటు లేచేలోపు పదిమంది దండాలు పెట్టారు.

తెల్లారి ఆమె సరిగ్గా లేవలేదు. కారు మాట్లాడుకుని రాజమండ్రి తీసుకెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. కళ్ళలోకి లైటు వేసి చూస్తూనే అడిగింది. ఎన్ని రోజుల నుంచి వాంతులు? ఏం తింటున్నారు? బాటిల్స్ ఎన్ని పెట్టారు? అందులో ఏం కలిపారు? ఏమీ కలపలేదన్నాను. "బీ వన్ ఏమీ ఇవ్వలేదా అండీ?" అంది, తలెత్తి.

అప్పుడు తెలిసింది. అంత ఆలస్యంగా, ఇంకొకరు అడిగితే తెలిసింది. నిన్న సాయంత్రం మంచం మీద ఆమె అడిగింది ఏమిటో, బాటిల్ ఎందుకు చూపించారో, తల ఎందుకు అడ్డంగా ఊపారో. తిండి లేని ఒంట్లోకి ఉత్త గ్లూకోజు పోయించి, మిగిలిన కాస్త థయమిన్ కూడా నేనే ఖర్చు చేయించాను. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. డాక్టరమ్మ నా వైపు చూడలేదు. చిటికెనవేలంత గాజు బుడ్డీ మూతి విరిచి, సిరంజిలోకి తీసి, ఎక్కించింది. అంతే. అంత చిన్నది.

తర్వాత వరండాలో డాక్టరమ్మను పట్టుకుని అడిగాను. "ముందే ఇచ్చుంటే?"

"మీరు అది అడుగుతారని తెలుసండి. నేను కచ్చితంగా చెప్పలేను. పెద్దావిడ, మూడు వారాలు తిండి లేదు, లంగ్స్‌లో కూడా నెమ్ము ఉంది. కానీ ఇచ్చుంటే బాగుండేది," అంది. నన్ను నొప్పించకూడదనే అన్నట్టుంది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నెమ్ము తగ్గలేదు. ఐదో రోజు పొద్దున్న ఆమె పోయారు. నేను అప్పుడు క్లాసులో ఉన్నాను. బిట్లు చెప్పిస్తున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు మేడమ్ గారింటికి వెళ్ళి మరదలుగారికి జరిగినదంతా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతున్నారు. చేట పక్కన పెట్టి విన్నారు.

"అడిగారంటారా?" అన్నారు. "వదినగారు ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదండి. మంచినీళ్ళు కూడా తనే లేచి తెచ్చుకునేవారు. ఆవిడ అడిగిన ఒక్కటీ..." అని ఆపేశారు.

సంచికలో నిజం రాస్తానన్నాను. వద్దన్నారు. "ఊరంతా గొప్పగా చెప్పుకుంటున్నారు మాస్టారూ. అలాగే ఉండనివ్వండి. పాఠం అనుకుంటే ఏం పోయింది?"

నాకు చిరాకొచ్చింది. ఏం పోయిందంటే మేడమ్ మాట పోయింది. బతికున్నన్నాళ్ళూ మాట పలికితే చాలదు, పనికి రావాలి అన్న మనిషి, చివరికి ఒక మాటను సరిగ్గా పనికే వాడారు. అవసరమైన చోట, అవసరమైన సమయానికి, తన ప్రాణానికే వాడుకోబోయారు. మేము దాన్ని ఫ్లెక్సీ మీద వేసి దండ వేశాం. ఇంత చెప్పాలనుకుని, మరదలుగారి ముఖం చూసి, చేట మళ్ళీ ఆవిడ ముందుకు జరిపి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత ఆవిడే ఫోను చేశారు. "రాయండి," అన్నారు. "రాస్తే గంజి సంగతి కూడా రాయండి. మీరొక్కరే ఎందుకు మోస్తారు? ఇన్నేళ్ళూ చీరలకి పోసింది నేనే కదండీ." గంజి వల్ల ఇదంతా జరగలేదండీ అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. రాయమన్నారు కాబట్టి రాశాను.

క్లాసులో ఆ పాట మానేశాను. మానేసి ఏం చేయాలో ఇంకా పూర్తిగా తెలియలేదు. మొన్న ఆ పాఠం వచ్చినప్పుడు, మూడు వారాలుగా తిండి లేని మనిషి ఎదురుగా ఉన్నాడు, మీ చేతిలో గ్లూకోజు బాటిల్ ఉంది, ముందు ఏం చేస్తారని అడిగాను. అరవై మందిలో ఒక్కరూ చెప్పలేదు. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "ఆప్షన్స్ ఏంటండి సార్?" అని అడిగింది. నాకు కోపం రాలేదు. ఆ అమ్మాయిని తయారుచేసింది నేనే.

ఒక్క సంగతి మాత్రం మరదలుగారికి కూడా చెప్పలేదు. ఆస్పత్రిలో ఆ ఇంజెక్షను ఇచ్చిన రోజు సాయంత్రం ఆవిడ ఫ్లాస్కు తీసుకుని కాఫీ కోసం కిందికి వెళ్ళారు. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. మేడమ్ కళ్ళు తెరిచారు. పొద్దున్నదాకా కొట్టుకుంటూ ఉన్న నల్లగుడ్లు నిలిచాయి. కొన్ని గంటల్లోనే. మందు తన పని తాను చేసింది. ఆమె నన్ను సూటిగా చూశారు. నాకు ఏడుపొచ్చింది. గుర్తుపట్టారనే అనుకున్నాను.

"కూర్చోండి," అన్నారు. గొంతు సన్నగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది. "మీరెవరండీ?"

ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఎన్నడూ మీరు అనలేదు. ఈ జబ్బు కళ్ళను వదిలినా జ్ఞాపకాన్ని అంత తొందరగా వదలదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అప్పటికి నాకు తెలియదు.

"మీ స్టూడెంటునండి మేడమ్. బీఎస్సీ, బీజడ్‌సీ."

"అలాగా అండి," అన్నారు. ముఖం వెలిగింది. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పటి మర్యాదతో చిన్నగా నవ్వారు. "చాలా సంతోషం. నా దగ్గర ఏం నేర్చుకున్నారండీ?"

నేను మంచం అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆమె తొందరపెట్టలేదు. ఆ రెండు కళ్ళూ కదలకుండా, నేను ఏదో చెప్తానని, మరదలుగారు ఫ్లాస్కు పట్టుకుని గదిలోకి వచ్చేదాకా నన్నే చూస్తూ ఉన్నారు.